గరికకు గడ్డిమందు కొట్టొద్దు, అందులోది వరి ఉల్లికోడు కాదు

ప్రశ్న: మాది జలుమూరు మండలం. నాలుగు ఎకరాల్లో స్వర్ణ వేశాను. వానలు ఆలస్యమై ఆగస్టులో ఉభాలు చేశాం. నాటి 28 రోజులైంది. మొవ్వు పోతోంది. కాండం తొలిచే పురుగని ఎకరాకు 8 కిలోల కార్టాప్ గుళికలు వేసి, ఆ తర్వాత రెండుసార్లు మందు కొట్టాను. తగ్గలేదు. చాలా పిలకలు తెల్లగా గొట్టంలా వస్తున్నాయి. గట్టు మీద గరికలోనూ అలాంటి గొట్టాలే ఉన్నాయి. పురుగు అక్కడి నుంచే వస్తోందని, గట్లకు గడ్డిమందు కొట్టి చేనుకు ఇంకో మందు వేయమని షాపు ఆయన అంటున్నాడు. వేయమంటారా?

జవాబు: వద్దు. రెండూ వద్దు.

మీ చేలో ఉన్నది ఉల్లికోడు, అంటే పిలకను ఉల్లికాడలా గొట్టంగా మార్చే ఈగ పురుగు. కాండం తొలిచే పురుగైతే మొవ్వు గోధుమ రంగుకు తిరిగి ఎండుతుంది, లాగితే చేతికొస్తుంది. తెల్లని గొట్టమని మీరే రాశారు, ఇక అనుమానం లేదు. కార్టాప్ కాండం తొలిచే పురుగుకు మంచి మందే, కానీ ఈ జబ్బుకు కాదు. పైన కొట్టిన మందులూ దండగే. దీని పురుగు పిలక మొదట్లో, పెరిగే మొగ్గ దగ్గర దాక్కుని ఉంటుంది. గొట్టం బయటపడే సరికి దాని తిండి అయిపోతుంది. కొన్ని గొట్టాల కొన దగ్గర చిన్న రంధ్రం, అందులో వేలాడే పొర కనిపిస్తాయి చూడండి. దోమంత ఈగ అప్పటికే ఎగిరిపోయిందన్నమాట. ఆ పిలక ఎన్ని మందులు కొట్టినా వెన్ను వేయదు.

ఇక గరిక సంగతి. గరికలో గొట్టాలు చేసే ఈగ వేరు, వరిలో చేసేది వేరు. చూడ్డానికి అక్కచెల్లెళ్లే, కానీ శాస్త్రవేత్తలు వాటిని రెండు జాతులుగా గుర్తించారు. గరిక ఈగ మీ వరికి రాదు. పాత పుస్తకాల్లో గరికను కూడా వరి ఉల్లికోడుకు ఆశ్రయమని రాశారు, ఆ మాటే షాపుల్లో ఇంకా నడుస్తోంది. పశ్చిమ ఆఫ్రికాలో అరికె జాతి గడ్డి మీద చేసిన పరిశోధనల్లో ఇంకో సంగతి తేలింది. ఆ గడ్డిలోని ఈగ వరికి హాని చేయదు సరికదా, దాన్ని తినే పరాన్నజీవులే వరి ఈగనూ తింటాయి. మీరు నిజంగా పీకాల్సింది కోత తర్వాత మోళ్ల నుంచి వచ్చే పిలకలు, రాలిన గింజల మొలకలు, చెరువుల్లోని నివ్వరి (అడవి వరి). పురుగు తలదాచుకునేది వాటిలో.

ఇప్పుడు చేయాల్సింది. చేలో అడ్డంగా నడుస్తూ అక్కడక్కడ 20 దుబ్బులు చూసి, మొత్తం పిలకలు, గొట్టాలు లెక్కపెట్టండి. నూరు పిలకలకు గొట్టాలు 5 లోపు ఉంటే చేను వదిలేయండి. మించితే ఒక్క పని ముందు చేయండి: మొదలు ఉబ్బి ఇంకా గొట్టం రాని పిలకలు పదింటిని బ్లేడుతో నిలువునా చీల్చండి. ఎర్రని పురుగు కదులుతుంటే అది మీ శత్రువు. పురుగు కదలకుండా లోపల గోధుమ రంగు నువ్వుగింజల్లా గూళ్లు కిక్కిరిసి ఉంటే, అది ఉల్లికోడు పురుగును తినే ప్లాటీగాస్టర్ అనే చిన్న కందిరీగ పని. ఒక్క పురుగులోంచే పదుల కందిరీగలు వస్తాయి. సగానికి పైగా ఇలా ఉంటే గుళికలు కూడా అక్కర్లేదు. మీరు కొట్టిన రెండు మందులు వాటిలో ఎన్నింటిని చంపాయో!

బతికిన పురుగులే ఎక్కువైతే ఫిప్రోనిల్ 0.3 శాతం గుళికలు ఎకరాకు 10 కిలోలు ఇసుకతో కలిపి ఒక్కసారి చల్లండి. చేలో 2-3 సెం.మీ. నీరు ఉండాలి, మూడు రోజులు నీరు తీయొద్దు. చేతికి తొడుగులు వేసుకోండి. అంకురం దశ (పిలకలో వెన్ను రూపు కట్టడం మొదలయ్యే దశ) దాటాక కొత్త గొట్టాలు రావు, అప్పుడు మందు వేస్తే డబ్బు నీళ్లలో పోసినట్టే. అప్పటిదాకా పైపాటు యూరియా ఆపండి. స్వర్ణ తక్కువ నత్రజనితోనూ పండే రకం. అంకురం దశలో ఎకరాకు 20 కిలోల యూరియా, 15 కిలోల పొటాష్ చాలు.

షాపు ఆయన అమ్మేవాడు, మీరు అడిగితే ఏదో ఒకటి ఇస్తాడు. బిల్లు తీసుకోండి, సలహా మాత్రం ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.

వచ్చే ఖరీఫ్‌లో వీలైతే జులైలోనే ఉభాలు ముగించండి. ఆలస్యంగా నాటిన చేలల్లోనే ఇది ఎక్కువ. నారు తీసే వారం ముందు సెంటు ఆకుమడికి 160 గ్రా. కార్బోఫ్యూరాన్ 3సీజీ గుళికలు వేయండి. స్వర్ణ ఉల్లికోడును తట్టుకోదు. తట్టుకునే రకం అంటే ఏదైనా చాలు అనుకోవద్దు. మన దేశంలో ఈ పురుగుకు ఏడు బయోటైపులు (ఒక్కోటి ఒక్కో వరి రకాన్ని లొంగదీసుకునే తెగలు) గుర్తించారు, నాలుగోది మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉండేదే. మరోచోట నిలబడిన ఫల్గుణ రకం కూడా ఇక్కడ దానికి లొంగిపోయింది. కాబట్టి విత్తనం కొనే ముందు రాగోలు పరిశోధనా స్థానంలో మీ మండలం పేరు చెప్పి అడగండి.