ఉద్యోగం మానేసి కథలు రాస్తానంటున్న చిట్టికి

విద్యానగర్, హైదరాబాదు

చిరంజీవి చిట్టికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి, నీ కథకు బహుమతి వచ్చిన సంగతి ఒక్క వాక్యంలో ముగించి, నువ్వు గచ్చిబౌలి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఇకమీదట ఈ ఊహాలోకపు కథలే రాసుకుంటానంటున్న సంగతి నలభై నిమిషాల సేపు చెప్పింది. మొదటి మాటకు నాకు కళ్లు చెమర్చాయి, రెండో మాటకు నిద్ర పట్టలేదు. మన రెండు కుటుంబాల్లోనూ ఇలాంటి కథలు రాసి చేతులు కాల్చుకున్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, నిన్ను మందలించే అధికారం మీ అమ్మకన్నా నాకే ఎక్కువ ఉందనుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

రోజూ రాయాలనీ, ఏ కథ ఏ పత్రికకు ఎప్పుడు పంపావో పద్దు రాసుకోవాలనీ, ఒప్పందంలో ‘సర్వహక్కులు పత్రికవే’ అన్న మాట కనబడితే సంతకం పెట్టకుండా కలం మూత పెట్టెయ్యాలనీ నీకు ఒకరు చెప్పనక్కరలేదు.

డబ్బు సంగతి మాత్రం చెప్పాలి, ముప్పై రెండేళ్లు బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నదాన్ని కదా. అమెరికాలోని సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘం కథలకు వృత్తిస్థాయి కనీస రేటుగా పెట్టుకున్నది మాటకు 8 సెంట్లు. 5,000 మాటల కథ అచ్చయితే 400 డాలర్లు వస్తాయి. అది మీ వైపు ఇంటి అద్దెకు ఒక నెల సరిపోతుందేమో, ఆ నెల కూరగాయలకు మిగలదు. ఇలాంటి కథలకు ఏటా ఇచ్చే, నువ్వు కలలు కంటున్న హ్యూగో పురస్కారానికి రాకెట్ ఆకారపు జ్ఞాపిక ఇస్తారు గాని దానితోపాటు చెక్కు ఇవ్వరు. వరసగా 2016, 2017, 2018లలో ఉత్తమ నవలకు ఆ రాకెట్ అందుకున్న అమెరికా రచయిత్రి ఎన్.కె. జెమిసిన్ తొలి నవల 2010లో వచ్చినా, మానసిక సలహాదారుగా తన ఉద్యోగం వదిలింది 2016లోనే, అదీ పేట్రియాన్ అనే చందాల వెబ్‌సైట్‌లో పాఠకులు నెలనెలా చందా కడతామని ముందుకు వచ్చాకే. అక్కడిదే ఇంకో సైన్స్ ఫిక్షన్ రచయిత్రి ఆక్టేవియా బట్లర్ అయితే గిన్నెలు కడిగింది, చిప్స్ ఫ్యాక్టరీలో ఆలుగడ్డ ముక్కల మంచిచెడ్డలు చూసింది, తెల్లవారుజామున రెండు గంటలకే లేచి రాసుకుంది. ఆమె అంత కష్టపడింది కాబట్టి నువ్వూ పడాలని నా ఉద్దేశం కాదు. రెండింటికి లేస్తే నీ కళ్లు ఏమవుతాయో అని నా భయం. చిన్నప్పటి నుంచీ నీకు అద్దాల పవరు ఏటేటా పెరుగుతూనే ఉంది.

ఇంకొక్కటి, నవ్వకుండా చదువు. రాజీనామా ఉత్తరం ఇవ్వడానికి ముందే నీ పేరు మీద సొంతంగా ఆరోగ్య బీమా తీసుకో. ఉన్న జబ్బులకు కొన్నాళ్ల దాకా బీమా డబ్బు ఇవ్వని వెయిటింగ్ పీరియడ్ ఉంటుందనీ, కంపెనీ ఇచ్చిన కార్డు ఉద్యోగంతోనే పోతుందనీ మీ పెదనాన్న ఆసుపత్రిలో పడుకున్న పద్దెనిమిది రోజుల్లో, బిల్లింగ్ కిటికీ దగ్గర నిలబడి నేను నేర్చుకున్నాను. మిగతా సలహాలన్నీ మరిచిపోయినా ఫర్వాలేదు, ఇది మాత్రం ఈ వారమే పూర్తి చెయ్యి.

ఇప్పుడు అసలు సంగతి. 1984లో ఒక వారపత్రిక ఉగాది కథల పోటీలో నాకు రెండో బహుమతి వచ్చిందని నీకు తెలుసు, ఆ తరవాత ఏం జరిగిందో మీ అమ్మకు కూడా తెలియదు. ఆ కథలో ఒక ఊళ్లో వానను రేషన్ కార్డు మీద ఇస్తారు. ఇంటికి నెలకు పన్నెండు నిమిషాలు, వాడుకోకపోతే మురిగిపోతుంది, ఒక ఇంటి వాన ఇంకో ఇంటికి బదిలీ చెయ్యడానికి వీల్లేదు. బహుమతి ప్రకటించిన పది రోజులకే సంపాదకులు కబురు పెట్టి, దానినే ఇరవై వారాల సీరియల్‌గా పెంచి ఇమ్మన్నారు. నా దగ్గర ముగింపు లేదు, మధ్యభాగం కూడా లేదు. అయినా అంత పెద్దమనిషి కుర్చీ చూపించి, కాఫీ తెప్పించి అడిగేసరికి కాదనలేక, అడ్వాన్సు తీసుకుని ఆ సాయంత్రమే ఫ్రిజ్ కొన్నాను. ప్రతి గురువారం ప్రెస్సు కుర్రవాడు వచ్చి గుమ్మంలో సైకిలు బెల్లు కొట్టేవాడు. నేను వంటింటి గట్టు మీద కాగితాలు పెట్టుకుని చివరి పేజీ రాస్తూ ఉండేదాన్ని, వెనక ఆ ఫ్రిజ్ గుర్రుమంటూ ఉండేది.

మూడో వారంలో పక్కింటివాళ్ల వాన అడిగి తెచ్చుకునే దారి లేక ఒక పసివాడు జ్వరంతో చనిపోతాడు. పదకొండో వారానికి కథానాయిక కూడా అదే ఇరుకులో పడింది. ఆమెను చంపితే సీరియల్ ఆగిపోతుంది, కిందేమో బెల్లు మోగుతోంది. పొరుగింటావిడ తన వానలో నాలుగు నిమిషాలు ఆమెకు ఇచ్చేసిందని రాసి పంపించాను. సంపాదకులకు కనబడలేదు, బహుశా నాకూ కనబడలేదు, లేక కనబడనట్టు నటించాను. పది రోజులకు కరీంనగర్ నుంచి ఒక బడిపంతులు పోస్టుకార్డు రాశారు. వాన బదిలీ కుదరదని మీరే రాశారు కదమ్మా, కుదిరేటట్టయితే ఆ పిల్లవాడు ఎందుకు చనిపోయాడు అని అడిగారు. అంతే, ఇంకొక్క మాట లేదు. నేను జవాబు రాయలేదు. మిగిలిన వారాలు ఎలాగో లాగి ముగించాను గాని, ఆ తరవాత కలం పట్టుకుంటే ఆ పిల్లవాడే గుర్తుకు వచ్చేవాడు. పిల్లలూ, సంసారమూ వల్ల రాయడం మానేశానని నలభై ఏళ్లుగా అందరితో చెబుతున్నాను.

టెడ్ చియాంగ్ అనే అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయిత గురించి మొన్నీమధ్య చదివి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. 1990లో అచ్చయిన తొలి కథకే, ఇందాక చెప్పిన రచయితల సంఘం ఇచ్చే నెబ్యులా పురస్కారం వచ్చిన మనిషి, సాంకేతిక రచనతో పొట్ట పోసుకుంటూ తొలి ముప్పై ఏళ్లలో ఇరవై కథలు కూడా అచ్చు వెయ్యలేదు. 2003లో హ్యూగో తుదిజాబితాకు వచ్చిన తన కథను, తొందరపాటు వల్ల అనుకున్నట్టు కుదరలేదని తానే వెనక్కి తీసుకున్నాడు. నేను ఒక కాఫీకి లొంగిపోయాను. ఇప్పుడు నీ చుట్టూ కుర్చీలు చూపించేవాళ్లు మొదలవుతారు చిట్టీ, సంకలనానికి ఒకటి, వెబ్ సిరీస్‌కు ఒకటి, రెండు వారాల్లో ఇమ్మంటారు. చేతిలో జీతం ఉంటే కథ ఇంకా ఉడకలేదని చెప్పగలుగుతావు, అద్దె కట్టాల్సిన గడువు ఉంటే చెప్పలేవు. ఉద్యోగం ఒక్క ఏడాది ఉంచుకోమని నేను బతిమాలుతున్నది అందుకే. నీ ప్రతిభ మీద అనుమానం ఉండి కాదు.

ఆదివారం రా. ఇద్దరం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గరికి వెళ్లి, తిరిగొచ్చాక గోంగూర పప్పుతో భోంచేద్దాం. ఆ పోస్టుకార్డు నా ట్రంకుపెట్టెలోనే ఉంది, చూపిస్తాను.

నీ కథ నాలుగుసార్లు చదివాను. చనిపోయినవాళ్లు సిటీ బస్సులో లేడీస్ సీట్ల పక్కన నిలబడి రోజూ ఇంటిదాకా వచ్చిపోతారన్న ఊహ నాకు రాలేదే అని అసూయ పడ్డాను. అయితే వాళ్లు దేన్నీ తాకలేరని రెండో పేజీలో నువ్వే రాశావు కదా, మరి చివర్లో నాయనమ్మ టికెట్టు ఎలా పట్టుకుంది?

ప్రేమతో,
మీ పెద్దమ్మ