ముందు కాళ్లు లెక్కపెట్టండి, పేరు సంగతి తర్వాత

ప్రశ్న: ఆరో తరగతి పిల్లల్ని ముప్పై మందిని బడి వెనక చెట్ల దగ్గరికి తీసుకెళ్లాను. చీమలు, ఒక సీతాకోకచిలుక తప్ప ఏమీ లేవన్నారు. పురుగులే లేవా, మాకు వెతకడం రాలేదా?

జవాబు: ఉన్నాయి. అంతమంది ఒక్కసారిగా వెళ్తే ఎగిరేవి ఎగిరిపోతాయి, మిగతావి ఆకుల చాటుకు జారుకుంటాయి. నలుగురైదుగురికో జట్టు చేసి, ఒక్కో జట్టుకు మీటరు చదరం జాగాకు తాడు కట్టి అప్పగించండి. పావుగంట ఆ తాడు దాటకూడదు. మొదటి ఐదు నిమిషాలు ఏదీ ముట్టుకోకుండా చూడాలి. ఆ తర్వాత ఆకులు తిరగేయాలి. చాలా పురుగులు దాక్కునేది అడుగువైపే. రాయి ఎత్తితే మళ్లీ ఉన్నచోటే, ఉన్నట్టే పెట్టాలి.

కొమ్మల మీదివాటికి తెరిచిన గొడుగును తలకిందులుగా పట్టి, లోపల తెల్లగుడ్డ పరిచి, కొమ్మను కర్రతో రెండుమూడు సార్లు ఠకీమని కొట్టండి. మెల్లగా ఊపితే పురుగు పట్టు బిగిస్తుందే తప్ప రాలదు.

రాత్రి నేలమీద తిరిగేవాటికి ప్లాస్టిక్ గ్లాసు పాతాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: గ్లాసు అంచు మట్టికి కాస్త పైకి ఉన్నా పురుగు పక్కనుంచి తిరిగి వెళ్లిపోతుంది. అంచు నేలకు సమానంగా ఉండాలి. అడుగున నాలుగు ఎండుటాకులు వెయ్యండి, లేకపోతే పెద్దవి చిన్నవాటిని తినేస్తాయి. వాన పడకుండా చిన్న రాళ్ల మీద చెక్కముక్క కప్పండి. సాయంత్రం పెట్టి, తెల్లారగానే చూసి, వదిలేసి, గ్లాసు తీసెయ్యాలి. మరిచిపోయిన గ్లాసు పురుగులకు ఉరి.

ప్రశ్న: పురుగు కనబడగానే పిల్లలు ఫోన్లో ఫొటో తీసి పేరు అడుగుతున్నారు. తప్పా?

జవాబు: తప్పని కాదు గానీ, పేరు దొరికాక ఎవరూ పురుగు వైపు చూడరు. అందుకే ముందు కాళ్లు లెక్కపెట్టించండి. ఆరు కాళ్లు, తల, రొమ్ము, పొట్ట అని మూడు భాగాలు, ఒక జత మీసాలు ఉంటే కీటకం. సాలీడుకు ఎనిమిది కాళ్లు. పెద్దయిన ఆరుద్ర పురుగుకూ ఎనిమిదే, కాబట్టి అదీ కీటకం కాదు. పిల్లలు నమ్మరు, లెక్కపెట్టనివ్వండి.

గొంగళిపురుగు దగ్గర మాత్రం లెక్క తప్పుతుంది. ముందున్న మూడు జతలే అసలు కాళ్లు, వాటికి కీళ్లుంటాయి. వెనకవి పట్టుకోవడానికి పనికొచ్చే మెత్తటి కండ మొటిమలు.

తర్వాత వీపు చూడాలి. ముందురెక్కలు రెండూ గట్టి పెంకులై, మధ్యలో నిలువుగా ఒకే గీత దగ్గర కలిస్తే పెంకుపురుగు. భుజాల మధ్య త్రికోణం కనబడి, కడుపు కిందికి మడిచిన సూదిమూతి ఉంటే నల్లుల వర్గం (ఇంగ్లీషులో బగ్స్). పసుపు, నలుపు చారలుండి పూల దగ్గర గాల్లో నిలిచినదల్లా తేనెటీగ కాదు: రెండే రెక్కలు, పొట్టి మీసాలు ఉంటే అది ఈగ, కుట్టదు. ఇంతవరకు వస్తే ఆ తరగతికి చాలు. జాతి పేరు దాకా లాగొద్దు. పుస్తకంలో తేదీ, వేళ, ఏ మొక్క మీద, ఏం చేస్తోంది అన్నవి రాయించండి. మొక్క పేరు రాసుంటే తర్వాత పురుగును గుర్తించడం సగం తేలిక.

ప్రశ్న: భూతద్దంలో అంతా మసకే కనిపిస్తోంది.

జవాబు: పదింతలు చూపే చిన్న అద్దమైతే దాన్ని కంటికి ఆనించి పట్టుకోండి. పురుగున్న డబ్బాను దానివైపు తేవాలి. చేయి చాపి అద్దం పట్టుకుంటే ఎప్పటికీ మసకే.

ప్రశ్న: వేటిని ముట్టుకోకూడదు?

జవాబు: వెంట్రుకల గొంగళిపురుగుల్ని, కందిరీగ గూళ్లని. వెంట్రుకలు గుచ్చుకుంటే రుద్దొద్దు; అంటుకునే టేపు అద్ది లాగెయ్యండి, తర్వాత సబ్బుతో కడగండి. పూల మీద నలుపు, నారింజ పట్టీలతో కనిపించే బొబ్బల పురుగునూ వదిలెయ్యండి. నొక్కితే దాని మోకాళ్ల నుంచి ఊరే ద్రవం చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది.