పగ్గం ఎక్కడ పట్టుకోవాలంటే

అల్లుడూ,

నువ్వు పంపిన తప్పెటగుళ్ల సెషన్ నిన్న రాత్రి తెరిచి విన్నాను. తప్పెటలకి 6 ట్రాకులు, గజ్జెలకి ఒకటి, గురువుగారి గొంతుకి ఒకటి, వంత పాడేవాళ్లకి 4. రికార్డింగ్ బాగుంది. "వంతలు తగ్గిస్తే గొంతులు నూతిలోంచి వస్తున్నాయి మావయ్యా" అన్నావే, అందులో రివర్బ్ (గొంతుకి కలిపే మోత) తప్పేం లేదు. నువ్వు పట్టుకున్న ఫేడర్ (ధ్వని పెంచి తగ్గించే మీట) వేరు.

నాలుగు వంతల్నీ ఫోల్డర్‌లో పెట్టి దాని ఫేడర్ 6 డీబీ (డెసిబెల్లు) దించావు. రీపర్ సాఫ్ట్‌వేర్‌లో ఫోల్డర్ అంటే బస్సే, గొంతులన్నీ అందులో కలిసి బయటికి పోతాయి. కానీ గొంతుని రివర్బ్‌కి పంపే సెండ్‌లు అంతకు ముందే ఒక్కో ట్రాకు నుంచి విడిగా వెళ్లిపోతున్నాయి. రివర్బ్ ట్రాకు ఫోల్డర్ బయట ఉంది. అసలు గొంతు తగ్గింది, మోత తగ్గలేదు.

ఇక్కడ వీసీఏ వాడు, అంటే మిగతా ట్రాకుల ఫేడర్లని నడిపే ఫేడర్. బస్సు ధాన్యం మోసే బండి అనుకుంటే, వీసీఏ చేతిలో పగ్గం. దాని మీద ఒక్క గింజ కూడా ఉండదు. దాన్ని దించితే నాలుగు ట్రాకుల ఫేడర్లూ అంతే డీబీ దిగినట్టు లెక్క, వాటి మధ్య తేడాలు చెదరవు. సెండ్‌లు పోస్ట్ ఫేడర్ (ఫేడర్ తర్వాత తీసినవి) అయితే రివర్బ్ కూడా వాటితోపాటే దిగుతుంది. షిఫ్ట్ జీ నొక్కితే గ్రూపింగ్ కిటికీ వస్తుంది. ఖాళీ ట్రాకుని వీసీఏ లీడర్ చేసి, వంతల్ని ఫాలోలో పెట్టు. పేరు పాత మిక్సింగ్ కన్సోళ్లది, వోల్టేజీతో నడిచే ఆంప్లిఫయర్ అని. వోల్టేజీ పోయింది, పేరు మిగిలింది.

అలాగని తప్పెటలకీ అదే చెయ్యకు. వాటి బస్సులో కంప్రెసర్ (పెద్ద దెబ్బల్ని నొక్కేది) పెట్టావు కదా. వీసీఏతో 3 డీబీ లాగితే కంప్రెసర్‌లోకి వెళ్లేదే తగ్గుతుంది, అది నొక్కడం తగ్గిస్తుంది. బయటికి 3 డీబీ తగ్గినట్టు వినపడదు సరికదా, దెబ్బ తీరే మారిపోతుంది. అక్కడ కంప్రెసర్ తర్వాత ఉండే బస్ ఫేడరే దించు. రివర్బ్ కావాలంటే ఆ బస్సు నుంచే సెండ్ ఇయ్యి.

ఒకసారి జముకుల కథ మిక్స్ చేస్తూ నేనే ఒక వంత ట్రాకుని రెండు వీసీఏల కింద పెట్టి మర్చిపోయాను. ఒకదాన్ని 4, ఇంకోదాన్ని 4 దించాను. తగ్గింపులు కలిసి 8 అయ్యాయి. సీడీ విన్న పెద్దాయన శ్రీకాకుళం నుంచి ఫోన్ చేశాడు, "మావోడు ఆ రోజు పాడనేదేటి బావూ?" అని. ఏం చెప్పను! అప్పట్నుంచి, ఏ ట్రాకు ఏ పగ్గం కిందుందో కాయితం మీద రాసుకున్నాకే ఫేడర్ ముట్టుకుంటున్నాను.

గజ్జెల ట్రాకుని మాత్రం ఏ గుంపులోనూ కలపకు. ఆ మైకులో తప్పెటలు సగం పడ్డాయి, దాన్ని కదిపినప్పుడల్లా అవీ కదులుతాయి.

మీ అమ్మని అడిగానని చెప్పు. ఆదివారంలోగా మళ్లీ పంపు, వింటాను.

మీ మావయ్య,
విజయనగరం