కారు అమ్మిన దగ్గర్నుంచి మా వారు మాతో కలవడం లేదు

ప్రశ్న: మాది హనుమకొండ. మా వారు ప్రభుత్వ స్కూల్లో టీచరుగా చేసి నిరుడు రిటైరయ్యారు. ఒక్కడే కొడుకు. హైదరాబాద్‌లో ఉద్యోగం, మియాపూర్‌లో ఫ్లాట్ కొన్నాడు. మమ్మల్నీ వచ్చేయమంటే అక్కడి ఇల్లు అద్దెకిచ్చి వచ్చాం. ఇక్కడ ఫ్లాటుకు ఒక్కటే పార్కింగ్. అందుకని మా వారు 1998లో సొసైటీ లోను పెట్టి కొన్న మారుతి 800ని అమ్మేద్దామన్నాడు అబ్బాయి. నేనూ అమ్మేయమనే అన్నాను. వాడు ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టాడు, జనగామ నుంచి ఒకతను వచ్చి 45 వేలకు పట్టుకెళ్లాడు. మా వారు కాగితాల మీద సంతకాలు పెట్టారు, ఒక్క మాట అనలేదు. ఎనిమిది నెలలైంది. అప్పటి నుంచి అబ్బాయితో ముక్తసరిగా మాట్లాడతారు. వాడి కారెక్కరు, ఎక్కడికైనా మెట్రోలోనే పోతారు. తెల్లారకముందే లేచి సెల్లార్‌లో ఒక తిరుగుడు తిరిగొస్తారు. ఆ 45 వేలు ముట్టలేదు. పోయిన నెల నాకు చెప్పకుండా బస్సెక్కి జనగామ పోయి కారు చూసొచ్చారు. వెనక సీటు పీకేసి పాల క్యాన్లు వేస్తున్నాడట. తిరిగిమ్మంటే 80 వేలు అడిగాడట. ‘45కి అమ్మి 80కి కొంటే నలుగురూ నవ్వుతారు’ అంటాడు అబ్బాయి. ఆ రోజు నుంచి ఈయన అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. పాత కారు కోసం ఇంత బాధా? డాక్టరుకు చూపించాలా, కారు కొనివ్వాలా?
– ఒక సోదరి

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న సంగతి. పాత కారు కోసం ఇంత బాధ ఉంటుందమ్మా. మీ వారిది వింత జబ్బేమీ కాదు. 1998లో ఒక స్కూలు టీచరు ఇంటి ముందు కారు ఆగిందంటే ఆ వీధిలో అదెంత పెద్ద సంగతో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ లోను కిస్తీలు ఆయన జీతంలోంచే కట్ అయ్యాయి. ఆ ఏళ్లన్నీ ఇంట్లో ఏ ఖర్చు ఎలా సర్దుకున్నారో మీకే బాగా తెలుసు. 1983 డిసెంబరులో మొదటి మారుతి 800 తాళాలు ఇందిరా గాంధీ చేతుల మీదుగా అందుకున్న ఢిల్లీవాసి హర్పాల్ సింగ్ 2010లో చనిపోయేదాకా ఆ కారును వదల్లేదు. ఆ తర్వాత కంపెనీ వాళ్లే దాన్ని బాగు చేయించి తమ ప్రధాన కార్యాలయంలో పెట్టుకున్నారు. మొదటి కారు మీద ఇలాంటి మమకారం ఉన్నవాళ్లు మన దేశంలో ఎందరో ఉన్నారు.

మీరే ఒకసారి గుర్తు చేసుకోండి. కొన్నరోజు దాన్ని గుడికి తీసుకెళ్లి పూజ చేయించే ఉంటారు. ఏటా దసరాకు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించే ఉంటారు. మేడారం జాతరకు అందులోనే పోయి ఉంటారు, ముందు సీట్లో ఒకరు ఒళ్లో బెల్లం పెట్టుకుని. ఇరవై ఆరేళ్లు ఇంట్లో మనిషితో సమానంగా చూసిన బండిని ఒక మధ్యాహ్నం ఎవరో కుర్రాడు వచ్చి, డబ్బు లెక్కపెట్టి, స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. కొబ్బరికాయ కొట్టి తెచ్చుకున్నదాన్ని పంపేటప్పుడు ఇంట్లో ఎవరికీ ఏమీ చేయాలనిపించలేదు. అది ఆయన మనసులో గట్టిగా నాటుకుంది.

అయినా నాకు ఇందులో కారు కన్నా పెద్ద విషయం ఇంకోటి కనిపిస్తోంది. మీ ఉత్తరం మళ్లీ చదవండి. అమ్మేద్దామన్నది అబ్బాయి. అమ్మేయమన్నది మీరు. ఫొటోలు పెట్టింది అబ్బాయి, బేరం కుదుర్చుకున్నది జనగామ అతను. మొత్తం కథలో మీ వారు చేసిన పని సంతకం పెట్టడం ఒక్కటే. ఆర్సీ ఆయన పేరు మీద ఉంది కాబట్టి అదొక్కటి ఆయన చేత చేయించక తప్పలేదు. ‘ఏమంటారు?’ అని ఆయన్ని ఎవరైనా అడిగారా? అడిగి ఉంటే ఆ మాట మీ ఉత్తరంలో ఎక్కడో ఒకచోట ఉండేది.

ఇదంతా ఏ ఏడాదిలో జరిగిందో కూడా చూడండి. బడి పోయింది. పొద్దున్నే ‘నమస్తే సార్’ అనే పిల్లలు పోయారు. హనుమకొండ పోయింది, పాలవాడి దగ్గర్నుంచి మెకానిక్ దాకా పేరు పెట్టి పలకరించే వీధి పోయింది. ఇంత పోయాక కూడా ఆయన చేతిలో మిగిలిన అధికారం ఒక్కటే, ఆ స్టీరింగ్. ఇల్లాలిని ఎక్కించుకుని అనుకున్నప్పుడు అనుకున్నచోటికి పోగలగడం. అదీ పోయాక ఆయన మీ అబ్బాయి ఇంట్లో, మీ అబ్బాయి కారులో, పక్కసీటు మనిషి అయ్యారు. వాడి కారెక్కకుండా మెట్రోలో పోవడం మొండితనంలా కనిపిస్తుంది గానీ, తన కాళ్ల మీద తాను పోతున్నానని చెప్పుకోవడం అది. నేనైతే దానికి కోప్పడను.

2023లో ఆ కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించే ఉంటారు. మొదటి పదిహేనేళ్లు 2013తో అయిపోతాయి, తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. అంటే 2028 దాకా దానికి ఆయుష్షు ఉంది. బ్రేకులు చూపించుకుని, ఐదు వేల ఫీజు, గ్రీన్ ట్యాక్స్ కట్టుకుని, లైన్లో నిలబడి ఆ కాగితం తెచ్చుకున్నది ఆయనే. ఐదేళ్లకు అంత కష్టపడ్డ మనిషికి మధ్యలో అమ్మే ఉద్దేశం లేదని ఎవరైనా గ్రహించాల్సింది.

మీ అబ్బాయి చెడ్డవాడని నేననడం లేదు. ఫ్లాటు ఈఎంఐ, ఒక్కటే పార్కింగ్, ఎయిర్‌బ్యాగులు లేని పాత బండిని ఈ ట్రాఫిక్‌లో నాన్న నడుపుతాడేమోనన్న భయం, ఇవన్నీ నిజమైన కారణాలే. తల్లిదండ్రుల్ని తెచ్చి దగ్గర పెట్టుకున్న పిల్లవాడు. పని తొందరగా తేల్చేద్దామనుకున్నాడు, అక్కడే తప్పు జరిగింది. ఇప్పుడు ‘నలుగురూ నవ్వుతారు’ అనడం మాత్రం మానేయమనండి. తండ్రి తిండి మానేస్తే నలుగురి నవ్వుతో మనకేం పని?

మీ వారి వైపు కూడా ఒక లోటుంది. వద్దని ఆయన చెప్పలేదు. మన ఇళ్లలో మగవాళ్లు, ముఖ్యంగా ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లు, కొడుకు దగ్గర ‘నాకిది కావాలిరా’ అనడం చిన్నతనం అనుకుంటారు. నోరు విప్పరు, ఎదుటివాళ్లు కనిపెట్టాలనుకుంటారు. కనిపెట్టకపోతే నెలల తరబడి లోపల పెట్టుకుంటారు. జనగామకు చెప్పకుండా పోవడం అలాంటిదే. దీన్ని నిందగా అనొద్దు. ‘మీరు వద్దంటే నేను ఆపేదాన్ని కదా, నాకెందుకు చెప్పలేదు?’ అని మెల్లగా అడగండి. జవాబు వెంటనే రాదు. వచ్చేదాకా ఉండండి.

ఇక చేయాల్సిన పనుల్లో మొదటిది కాగితాల పని. ఆర్సీ కొన్నవాడి పేరు మీదకు మారిందా? మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, ఒకే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాళ్లు 14 రోజుల్లోగా, కొన్నవాళ్లు 30 రోజుల్లోగా ఆర్టీఏకు తెలియజేయాలి. బండి పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని కాగితాలు డాష్‌బోర్డులోనే పడేసి తిరిగేవాళ్లు చాలామంది ఉంటారు. పేరు మారకుండా బండి ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం కేసు రికార్డుల్లో ఉన్న యజమాని మీదకు వస్తుంది. 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో ఇదే తేల్చింది. మీ వారు అమ్మి ఎనిమిది నెలలైంది, బండి రోజూ రోడ్డు మీదే ఉంది, పైగా వెనక సీటు తీసేశారు. ఆర్సీలో రాసి ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చడానికి అనుమతి ఉండాలి. ఈ వారమే ఆర్టీఏలో నంబరు చెప్పి కనుక్కోవాలి. మీ అబ్బాయికి ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని కావచ్చు, అయినా వాడి చేత చేయించకండి. మీ వారినే వెళ్లమనండి. ఫైల్ పట్టుకుని ఆఫీసుకు పోయి పని సాధించుకురావడం ఆయనకు చేతనైన పని. కారు విషయంలో ఈసారైనా ఆయన చేతి మీదుగా ఒకటి జరగాలి.

రెండోది, ‘కారు తిరిగి కొనాలా?’ అన్నది. నా మాట: ఇప్పుడిప్పుడే వద్దు. డబ్బు తేడా వల్ల కాదు. 35 వేలకు మనిషి మనిషవుతాడంటే ఎక్కువేమీ కాదు. ఆయనకు కావాల్సింది ఆ కారా, హనుమకొండా అన్నది ముందు తేలాలి. ఒంటరిగా ఉన్నప్పుడు సూటిగా అడగండి: ‘మనం మళ్లీ మన ఇంటికి పోదామా?’ ఆయన ముఖంలోనే మీకు జవాబు కనిపిస్తుంది. పోదామంటే అద్దెవాళ్లను ఖాళీ చేయించుకోవచ్చు. నెలలో సగం ఇక్కడ, సగం అక్కడ ఉండొచ్చు. అప్పుడు కారు పెట్టుకోవడానికి చోటూ ఉంటుంది, దానికి పనీ ఉంటుంది. మియాపూర్‌లోనే ఉంటామంటే మాత్రం 80 వేలు పోసి తెచ్చిన కారు రోడ్డు పక్కన దుమ్ము కొట్టుకుంటుంది. రోజూ దాన్ని అలా చూడటం ఆయనకు మరో బాధ.

కొందామని ముగ్గురూ అనుకుంటే, బేరానికి ముందు నమ్మకమైన మెకానిక్‌ను వెంటబెట్టుకుని పోండి, వీలైతే మీ పాత మెకానిక్‌నే పిలవండి. పాలు ఒలికే బండిలో అడుగు రేకు తుప్పు పట్టి ఉండే అవకాశం ఎక్కువ. మ్యాట్ ఎత్తి వేలితో నొక్కి చూడమనండి. వెనక సీటు ఏం చేశాడో, ఇస్తాడో లేదో అడగండి. ఈ మోడల్ తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయినా పాతిక లక్షలకు పైగా అమ్ముడైన బండి కాబట్టి విడిభాగాలకు అంత కరువు లేదు. 2028లో మళ్లీ రెన్యువల్ ఖర్చు ఉంటుంది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజును 2025 ఆగస్టులో పది వేలు చేశారు. ఇవన్నీ కూడుకుని చూస్తే బేరం ఎక్కడ తెగాలో ఆయనకే తెలుస్తుంది. ఆఖరికి ‘వద్దులే’ అని ఆయనే అనొచ్చు. ఆ మాట ఆయన నోట వస్తే ఇంత నొప్పి ఉండదు. అలాంటిదే ఇంకో మారుతి 800 చూసి కొనిద్దామని మాత్రం అబ్బాయిని అనుకోనివ్వకండి. ఆయనకు కావాల్సింది ఆ మోడల్ కాదు.

ఇంకో విషయం. మీ అబ్బాయి కొత్త కారు తాళం ఎప్పుడైనా ఆయన చేతికిచ్చాడా? గేర్లు లేని కారైతే ఆయనకు కొత్తగా ఉంటుంది. ఆదివారం పొద్దున ట్రాఫిక్ లేనప్పుడు పక్కన కూర్చుని నేర్పించమనండి. ఆయన లైసెన్స్ గడువు కూడా చూసుకోండి, 55 దాటినవారికి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ‘గీతలు పడతాయి నాన్నా’ అనే మాట మాత్రం రాకూడదు.

డాక్టరు సంగతి: నెల నుంచి తిండి తగ్గిందంటున్నారు, తెల్లారకముందే లేస్తున్నారంటున్నారు. దేని మీదా ఆసక్తి లేకపోవడం, బరువు తగ్గడం, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం కూడా ఉంటే ఇక ఆలోచించకుండా సైకియాట్రిస్టుకు చూపించండి. ఆ వయసులో షుగరు, థైరాయిడ్ పరీక్షలు కూడా అవసరమే. ‘నేనుండి ఏం లాభం’ లాంటి మాట ఒక్కసారి విన్నా ఆ రోజే చూపించాలి. ఈలోగా మీరు గానీ ఆయన గానీ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. డాక్టరు దగ్గరకు వెళ్లడం, కారు గురించి మాట్లాడుకోవడం రెండూ పక్కపక్కనే సాగనివ్వండి, ఒకటి అయ్యాక ఇంకోటి అనుకోవద్దు.

మొదటి మాట ఎవరు మాట్లాడాలంటారా? మీరే. అబ్బాయి కాదు. ‘నేనూ అమ్మేయమనే అన్నాను’ అని నాకు రాశారు, ఆయనకు ఇంకా చెప్పినట్టు లేరు. కొడుకు మీద ఆయనకు కోపం ఉంది, మీ మీద ఉన్నది ఆయన బయటకు అనలేకపోతున్నారు. ఒక సాయంత్రం వాడు ఆఫీసు నుంచి రాకముందు టీ ఇచ్చి, టీవీ కట్టేసి, పక్కన కూర్చుని చెప్పండి: ‘మిమ్మల్ని ఒక్కమాట అడగకుండా నేను కూడా సరేనన్నాను.’ కారణాలు చెప్పకండి, పార్కింగ్ మాట ఎత్తకండి. ఆయన కోప్పడితే పడనివ్వండి. రెండు మూడు రోజులు గడిచాక మీ అబ్బాయిని కూర్చోబెట్టి ఈ జవాబు చదివించండి, తర్వాత వాడు తన మాట తాను చెప్పుకుంటాడు.