తుపాను నిరోధమా, నియంత్రణా?

సందేహం: కంప్యూటర్ నెట్‌వర్కుల గురించి విద్యార్థుల కోసం తెలుగులో పాఠం రాస్తున్నాను. కంప్యూటర్లను కలిపే స్విచ్చిలో, బ్రాడ్‌కాస్ట్ (అన్ని యంత్రాలకూ ఒకేసారి పంపే సందేశాలు) వెల్లువను అదుపు చేసే ‘స్టార్మ్ కంట్రోల్’ను ‘తుపాను నిరోధం’ అన్నాను. మిత్రుడు ‘నియంత్రణ’ అనాలంటున్నాడు. ‘బ్రాడ్‌కాస్ట్ 20 శాతాన్ని మించితే’ అన్న వాక్యంలో ‘శాతానికి’ అని ఉండాలా?

సమాధానం: ఇక్కడ మీ మిత్రుడి మాటే సరి. నిరోధించడమంటే అసలు రానీయకపోవడం. కానీ ఫలానా ఐపీ చిరునామా ఎవరిదో ఏఆర్‌పీ అనే పద్ధతి ద్వారా కనుక్కోవాలన్నా, కొత్తగా చేరిన కంప్యూటర్ తనకు చిరునామా ఇచ్చే డీహెచ్‌సీపీ సర్వరును వెతుక్కోవాలన్నా బ్రాడ్‌కాస్ట్ ఉండాల్సిందే. కొంత రానిచ్చి, హద్దు దాటినదాన్ని స్విచ్చి పారేస్తుంది. అది నియంత్రణే. కావాలంటే పోర్టునే (స్విచ్చికి తీగ తగిలించే చోటు) మూసేలా కూడా అమర్చుకోవచ్చు. అయినా పేరు మార్చనక్కరలేదు.

అలాగని ‘నిరోధం’ అన్న మాటను పాఠంలోంచి తీసేయకండి. దానికి తగిన చోటు వేరే ఉంది. స్విచ్చిల మధ్య తీగలు వలయంగా కలిస్తే, వాటిలో పడిన బ్రాడ్‌కాస్ట్ ఫ్రేము (స్విచ్చిలు చేరవేసే డేటా మూట) ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ఐపీ ప్యాకెట్టుకు ఉన్నట్టు ఈథర్నెట్ ఫ్రేముకు ఎన్ని అంచెల తర్వాత ఆగాలో చెప్పే ఆయుష్షు లెక్క లేదు. అసలు తుపాను తీరం దాటాక బలహీనపడుతుంది, ఈ నెట్‌వర్కు తుపాను మాత్రం వలయం తెగేదాకా తగ్గదు. ఆ వలయం ఏర్పడకుండా ఒక దారిని మూసి ఉంచేది స్పానింగ్ ట్రీ. నిరోధమంటే అది. రెంటికీ ఒకే మాట వాడితే, నియంత్రణ పెట్టాం కాబట్టి వలయం బెడద తీరిందని విద్యార్థి పొరబడతాడు.

ఇక ‘మించు’. ‘తండ్రిని మించిన తనయుడు’ అని పోలికలో ద్వితీయ, ‘శక్తికి మించిన పని’ అని హద్దు చెప్పేటప్పుడు షష్ఠి. ‘శ్రుతి మించి రాగాన పడింది’ అనేటప్పుడు ప్రత్యయమే లేదు! మీరు చెబుతున్నది హద్దు కనుక నేనైతే ‘శాతానికి’ అనే రాస్తాను. ‘పరిమితిని మించి’ అన్నదీ వాడుకలో ఉంది కాబట్టి మీది తప్పనను.

అంతకంటే పెద్ద చిక్కు మీరు అడగనిది: 20 శాతం దేనిలో? మీ వాక్యం చదివితే, వచ్చే రద్దీలో బ్రాడ్‌కాస్ట్ వాటా అనిపిస్తుంది. స్విచ్చి లెక్కించేది పోర్టు సామర్థ్యంలో. సెకనుకు 100 మెగాబిట్ల పోర్టుకు హద్దు 20 మెగాబిట్లు, ఒక గిగాబిట్ పోర్టుకు 200. అందుచేత ‘బ్రాడ్‌కాస్ట్ రద్దీ పోర్టు సామర్థ్యంలో 20 శాతానికి మించితే’ అని రాయండి.