పెరటి ప్రశ్నలు: దుంప తిన్నదెవరు, ఆకు కొరికిందెవరు?

ప్రశ్న: నమస్తే మేడమ్. మా అబ్బాయి వాళ్లు శ్రీనగర్ వెళ్లి తులిప్ దుంపలు, నర్గిస్ (డాఫడిల్) పూల దుంపలు తెచ్చారు. పెరట్లో రెండూ ఒకే మడిలో పాతాం. వారం తిరక్కుండా తులిప్‌లన్నీ ఎవరో తవ్వేశారు, పైపొట్టు మాత్రం మిగిలింది. నర్గిస్‌ని ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. ఎందుకంటారు? మళ్లీ తెప్పించమంటారా?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: పొట్టు వదిలేసి లోపలి కండంతా తిన్నదంటే అది పురుగు పని కాదండీ, ఎలుకో పందికొక్కో. పక్కనే పెద్ద బొరియ, దాని నోటి దగ్గర మట్టి కుప్ప ఉంటే పందికొక్కే అనుకోండి. తులిప్ దుంపలో పిండి పదార్థం బాగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో, తిండి దొరక్క నెదర్లాండ్స్ జనం మధ్యలోని మొలక తీసేసి ఈ దుంపల్నే వండుకు తిన్నారు, అలాంటప్పుడు పందికొక్కు వదులుతుందా! నర్గిస్ సంగతి వేరు. దాంట్లో లైకోరిన్ అనే విషం ఉంది, తింటే వాంతులే. చలి దేశాల్లో కూడా ఇదే తంతు. నేల కింద ఎలుకలు, ఉడతలు తులిప్ దుంపల్ని లాగేస్తే, నేల పైన జింకలు ఆకులూ మొగ్గలూ మేసేస్తాయి, నర్గిస్ జోలికి మాత్రం దాదాపు ఏదీ రాదు. దానికి అక్కడ ఉన్న పెద్ద శత్రువు ఒక ఈగ. ఆ ఈగ పిల్ల పురుగు దుంప అడుగు నుంచి దూరి మధ్యలో ఉన్న మొలకను తినేస్తుంది. పైకి దుంప బాగానే కనిపిస్తుంది గానీ వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది.

అన్నట్టు, మిగిలిన నర్గిస్ దుంపల్ని తవ్వి తీస్తే వంటింట్లో పెట్టకండి. చూడ్డానికి ఉల్లిపాయల్లాగే ఉంటాయి, పొరపాటున కూరలో వేసుకుని ఆస్పత్రి పాలైన వాళ్లు ఉన్నారు.

ఇక మళ్లీ తెప్పించడం అంటారా, నన్నడిగితే వద్దు. తులిప్ పూయాలంటే దుంపకి కనీసం 12 వారాలైనా 10 డిగ్రీల లోపు చలి తగలాలి, మన శ్రీకాకుళం జిల్లాలో అంత చలి ఎక్కడిది? ఫ్రిజ్‌లో పెట్టి ఒక్క ఏడాది పూయించుకోవచ్చు, కానీ అదే ఫ్రిజ్‌లో అరటిపళ్లూ ఆపిల్సూ ఉంటే వాటి నుంచి వచ్చే వాయువుకి దుంపలోని పూమొగ్గ లోపలే మాడిపోతుంది. ఇంత టెన్షన్ పడి పూయించినా రెండో ఏడాది ఆశ పెట్టుకోనక్కర్లేదు. సరదా తీరలేదంటే చేతి వేలు దూరనంత సన్న కన్నాల ఇనుప జాలితో బుట్ట చేసి అందులో పాతండి, పైన కూడా జాలి కప్పండి. ఎలుకల మందు మాత్రం పెట్టొద్దు, పెరట్లో కోళ్లూ పిల్లలూ తిరుగుతారు.

ప్రశ్న: అమ్మా, ఎండాకాలంలో పూసే మా ఎర్ర లిల్లీలకి నల్లటి పురుగులు పట్టాయి. ఒంటి మీద తెల్ల చుక్కలు, అక్కడక్కడా ఎర్ర మచ్చలు. రాత్రికి రాత్రి ఆకులన్నీ మోడు. మీరేమో లిల్లీ దుంపల్లో విషం ఉంటుందని రాస్తుంటారు, మరి వీటికేం కాదా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. మీ ఎర్ర లిల్లీ నర్గిస్ కుటుంబంలోదే, దాంట్లోనూ అదే విషం ఉంది. కానీ ఈ లిల్లీ పురుగుకి ఆ విషం పట్టదు, పైగా ఆ కుటుంబం మొక్కలనే ఎక్కువగా వెతుక్కుని తింటుంది. ఎర్ర లిల్లీ అయిపోతే పక్కనున్న స్పైడర్ లిల్లీ ఎక్కుతుంది, చేను గట్ల మీద కంచెల్లో పెరిగే అడవి నాభిని కూడా వదలదు. (అడవి నాభి దుంప మనిషి ప్రాణం తీసేది, పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి.)

తినే వరస గమనించండి. దీని తల్లి రెక్కల పురుగు గుడ్లు ఆకు మీద గుంపుగా పెడుతుంది, పిల్ల పురుగులు మొదట ఆకు పచ్చదనాన్ని గీకి తింటాయి, అక్కడ తెల్లటి పొర మిగులుతుంది. ఆ దశలోనే ఆకు కోసి సబ్బు నీళ్లలో పడేస్తే సగం పని అయినట్టే. అవి ఎదిగితే ఆకు, మొగ్గ, పూకాడ ఏదీ మిగలదు, ఆకులు అయిపోయాక దుంప మెడలోకి దూరతాయి. ఆకులు పోయినంత మాత్రాన మొక్క చావదు, మెడ లోపలికి దిగితేనే కుళ్లు పట్టి పోతుంది. కాబట్టి ఇప్పుడు ఆకు మొదళ్లు విడదీసి చూడండి, దొరికిన ప్రతి పురుగునీ ఏరేయండి. చిన్న పురుగులైతే సాయంత్రం పూట వేప నూనెలో కాస్త సబ్బు కలిపి కొట్టినా, బీటీ మందు (పురుగుల్ని చంపే ఒక బాక్టీరియాతో చేసింది) కొట్టినా పని చేస్తుంది, బాగా ఎదిగిన వాటికి మందుల కన్నా చెయ్యే మేలు. అవి మట్టిలోకి దిగి గూడు కడతాయి గనక మొక్క మొదట్లో మట్టిని రెండంగుళాలు గుల్ల చేయండి, మిగతాది కోళ్లు చూసుకుంటాయి.

ఆకు అంచులు చిరిగినట్టు ఉండి, మీద ఎండిన జిగురు చార మెరుస్తుంటే మాత్రం అది పురుగు కాదు, నత్త. వానాకాలంలో రాత్రిపూట టార్చి వేసుకుని ఏరడమే దానికి మందు. ఉత్త చేతులతో పట్టుకోకండి, మొక్క మొదట్లో ఉప్పు చల్లకండి, మట్టి చెడుతుంది. ఏరిన వాటిని బకెట్లో ఉప్పు నీళ్లు పోసి అందులో వేయండి.

ప్రశ్న: లిల్లీ (రజనీగంధ) పూల తోట వేశాం, దండల వాళ్లకి అమ్ముతాం. ఈసారి మొగ్గలు విచ్చుకోకుండానే గోధుమ రంగుకి తిరిగి గరుకుగా, వంకరగా అయిపోతున్నాయి. ఎక్కడా కొరికిన గుర్తు లేదు.
– ఒక రైతు, టెక్కలి

జవాబు: కొరకలేదంటే రసం పీల్చేవే. ఒక మొగ్గ గెల కోసి తెల్ల కాగితం మీద దులపండి, సన్నటి పసుపు, గోధుమ రంగు పురుగులు పాకితే తామర పురుగులు. నీలం రంగు జిగురు అట్టలు కట్టండి, కలుపు తీయించండి. ఏమీ రాలకపోతే నులి పురుగుల్ని (కంటికి కనపడనంత సన్నటి నెమటోడ్లు) అనుమానించాలి. వరిలో ఆకు కొన తెల్లబడేలా చేసే నులి పురుగే లిల్లీ మొగ్గల్నీ ఇలా పాడు చేస్తుంది, బెంగాల్, ఒడిశా తోటల్లో దీని బెడద ఉంది, దుంపల వెంట వచ్చేస్తుంది. ఈసారి దుంపలు ఎక్కడి నుంచి తెచ్చారో గుర్తు చేసుకోండి. పాడైన గెలలు గట్టున పారేయకుండా కాల్చేయండి, ఆ మడి దుంపలు విత్తనానికి ఉంచొద్దు, పక్కవాళ్లకి ఇవ్వొద్దు. మందు కొనే ముందు నాలుగు గెలలు తీసుకెళ్లి ఉద్యాన శాఖ వాళ్లకి చూపించండి.