బెనిడోర్మ్‌లో గది ఏ వైపు తీసుకోవాలి?

ప్రశ్న: జర్మనీకి వచ్చి ఆరు నెలలైంది. ఆగస్టులో ఇద్దరు పిల్లలతో స్పెయిన్‌లోని బెనిడోర్మ్ వెళ్దామనుకుంటున్నాం. కారు లేదు. శాకాహారులం. ఏమేం చూసుకోవాలి?

జవాబు: కారు లేకపోయినా ఇబ్బంది లేదు. అలికాంతె విమానాశ్రయం నుంచి బెనిడోర్మ్‌కి నేరుగా బస్సు ఉంది, ముప్పావుగంట పడుతుంది. ట్రామ్ కూడా ఉంది గానీ, అది విమానాశ్రయానికి రాదు. ముందు సిటీ బస్సులో అలికాంతె ఊళ్లోకి వెళ్లి, లుసెరోస్ స్టేషన్‌లో ఎక్కాలి. పిల్లలూ పెట్టెలతో ఆ తిప్పలు అనవసరం.

అసలు చూసుకోవాల్సింది గది. ఊరికి రెండు పొడవాటి బీచ్‌లు: తూర్పున లెవాంతె, పడమర పొనియెంతె. మధ్యలో సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతిగుట్ట మీద పాత ఊరు. లెవాంతె చివరనున్న రింకోన్ దె లోయిక్స్‌లో బ్రిటిష్ బార్లే ఎక్కువ, అర్ధరాత్రి దాటినా పాటలు ఆగవు. గది చవగ్గా కనబడితే ముందు మ్యాప్‌లో అది ఎక్కడుందో చూడండి. పిల్లలున్నవాళ్లకి పొనియెంతె వైపు, పాత ఊరికి దగ్గరగా ఉన్నదే నయం.

జర్మనీ నుంచి విమానంలో వెళ్తే ఇమ్మిగ్రేషన్ ఉండదు కదా అని పాస్‌పోర్టు ఇంట్లో పెట్టేయకండి. రెసిడెన్స్ కార్డుతో పాటు అదీ ఒరిజినల్ ఉండాలి. హోటల్లో వివరాలు నమోదు చేసుకోవడం అక్కడి చట్టం. లండన్ నుంచి చుట్టాలు కలుస్తామంటే, భారతీయ పాస్‌పోర్టు అయితే వాళ్లకి షెంగెన్ వీసా (జర్మనీ, స్పెయిన్ లాంటి యూరప్ దేశాల ఉమ్మడి వీసా) విడిగా కావాలి. మీ ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు వెనకవైపు యూరోపియన్ ఆరోగ్య బీమా కార్డు ఉంటుంది, అత్యవసరమైతే ప్రభుత్వ ఆసుపత్రిలో పనికొస్తుంది. ప్రైవేటు ఆసుపత్రిలో చెల్లదు.

తిండి దగ్గరే చాలామంది మోసపోతారు. 'సిన్ కార్నె' అంటే మాంసం లేకుండా అని అర్థమే, కానీ హామ్ (పంది మాంసం) ముక్కల్ని, చేపని చాలాచోట్ల మాంసం లెక్కలో వేయరు. మిక్స్‌డ్ సలాడ్ మీద ట్యూనా వచ్చేస్తుంది. కూరగాయల పాయెల్యా (స్పెయిన్ అన్నం వంటకం) చికెన్ నీళ్లతో ఉడికించి ఉండొచ్చు, అడగండి. బంగాళాదుంప 'తోర్తియ్యా' పేరు చూసి రొట్టె అనుకోకండి, అది గుడ్డు అట్టు. 'సిన్ హమోన్, సిన్ అతూన్, సిన్ వెవో' అని విడివిడిగా చెప్పండి: హామ్, ట్యూనా, గుడ్డు వద్దని. టమాటా రుద్దిన రొట్టె, వేయించిన పాద్రోన్ మిరపకాయలు దొరికితే వదలకండి. రాత్రి వంట చాలాచోట్ల ఎనిమిదిన్నరకి గానీ మొదలవదు, పిల్లల కోసం సాయంత్రానికి సూపర్ మార్కెట్లో పెరుగు, పళ్లు కొని ఉంచుకోండి.

బీచ్‌లో ఎర్ర జెండా ఉంటే నీళ్లలో దిగకూడదు. పసుపు ఉంటే పిల్లల్ని ఒడ్డునే ఆడించండి. జెల్లీఫిష్ కుడితే మంచినీళ్లతో కడక్కండి, మంట పెరుగుతుంది. సముద్రపు నీళ్లే పోయండి, రుద్దకుండా లైఫ్‌గార్డు దగ్గరికి తీసుకెళ్లండి.